మిషను ముట్టని జీతం

ప్రొద్దుటూరు కోర్టు ఎదురు సందులో హబీబుల్లా జిరాక్స్ అంగడి ఉంది. జిరాక్స్ అన్నది బోర్డు మీది మాటే. లోపల టైపింగు, ఆన్‌లైన్ దరఖాస్తులు, లామినేషన్, ఫోటోలు, అన్నీ జరుగుతాయి. కువైట్‌కు పోయేవాడూ ఆ మెట్లెక్కాలి, కువైట్ నుంచి తిరిగొచ్చి అన్నదమ్ముల మీద దావా వేసేవాడూ ఆ మెట్లే ఎక్కాలి. ఆ అంగట్లో గోడవార కుర్చీలో, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, తల కొంచెం పైకెత్తి టకటకా టైపు కొట్టే మనిషి అన్సర్. తెర వైపు చూడడు. చిన్నప్పుడు తట్టు పోసి రెండు కళ్లూ పోయాయి.

జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వస్తాడు. బస్టాండు నుంచి కోర్టు సందుదాకా ఏ గుంత ఎక్కడుందో అతని కర్రకు తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లు అతను టైపు కొట్టడం చూసి నోరు తెరుస్తారు. ఆ నోరు తెరవడంతో ఊరుకుంటే బాగానే ఉండేది. ఒకసారి వేంపల్లె నుంచి వచ్చిన పెద్దమనిషి, పని అయిపోయాక, అన్సర్ అరచేతిలో ఒక నోటు పెట్టి వేళ్లు మూశాడు.

"ఉంచుకోప్పా. పున్నెం వస్తాది నాకు," అన్నాడు.

అన్సర్ ఆ నోటును బల్ల మీద పెట్టి, "కౌంటర్లో ఇయ్యండి సామీ. నేనీడ పనిచేస్తాండా," అన్నాడు. అన్నది మెల్లగానే. కానీ ఆ రోజు మధ్యాహ్నానికి తెచ్చుకున్న సంగటిని అట్లాగే ఇంటికి తీసుకుపోయాడు.

అతనికి ఉన్న పొగరల్లా అదొక్కటే. పనిచేస్తున్నాడు, జీతం తీసుకుంటున్నాడు. రంజాను నెల చివర, పండగ నమాజుకు ముందు, ఇంట్లో తలకింత అని లెక్కగట్టి లేనివాళ్లకు ఫిత్రా ఇవ్వాలి. అన్సర్ తల్లి అఖ్తర్ బీ తన తలకు తీసేది బొంతలు కుట్టిన దుడ్లలోంచి తీస్తుంది. అన్సర్ తలది అన్సర్ జీతంలోంచి వస్తుంది. ఏటా మసీదు దగ్గర ఇచ్చేవాళ్ల వరసలో నిలబడి, తన వంతు రాగానే "రెండు తలలు" అని అవసరమైన దానికంటే కొంచెం గట్టిగా చెబుతాడు. పక్కనే తీసుకునేవాళ్ల వరస ఉంటుంది. కళ్లు లేనివాణ్ని చూస్తే జనం ఏ వరసలోకి తోస్తారో అతనికి తెలియనిది కాదు.

కంప్యూటర్‌లో ఒక గొంతు ఉండేది. నొక్కిన ప్రతి అక్షరాన్నీ, తెర మీద కనపడే ప్రతి మాటనూ చెవిలో చదివే ఆడగొంతు. జిరాక్స్ మిషను దగ్గర పనిచేసే, అన్సర్ పిన్ని వరసన ఖాలా అని పిలిచే దిల్షాద్‌బీ ఆ గొంతుకు "అన్సర్ బీబీ" అని, అంటే పెళ్లామని, పేరు పెట్టింది. "ఏం బేటా, నీ బీబీ పొద్దున్నుంచి సణుగుతానే ఉందే," అని ఏడిపించేది. పెళ్లికాని అన్సర్ నవ్వి, "ఈమె చెప్పినట్లు వింటే చాలు ఖాలా, తప్పు పోదు," అనేవాడు.

నిజంగానే ఏళ్ల తరబడి తప్పు పోలేదు. అప్పట్లో ఉన్నది పాత కంప్యూటర్. దానికి నెట్ వైరు తగిలించేవాళ్లు కాదు. బయటి గాలి తగలని ఆ పెట్టె ఉన్నది ఉన్నట్టే ఉండేది. ఎక్కడ ఏ మీట నొక్కితే ఏది తెరుచుకుంటుందో, అన్సర్‌కు తన ఇంటి గడపంత తెలుసు. ఆ తర్వాత ఆన్‌లైన్ పనులకు పాత పెట్టె ఒప్పుకోవడం మానేసింది. హబీబుల్లా దాన్ని పాత ఇనుపసామాన్లవాడికి తూకానికి వేసి, రెండు కొత్తవి తెచ్చాడు. ఒకటి అన్సర్ ముందు పెట్టాడు. రెండోది ఖాజీపేట నుంచి బస్సులో వచ్చే మహేశ్వరి అనే అమ్మాయికి ఇచ్చాడు. డిగ్రీ చదివిన పిల్ల, ఆన్‌లైన్ పనులన్నీ ఆమె చూస్తుంది.

అక్కడ మొదలైంది ఈ అప్‌డేట్ల పీడ.

కొత్త పెట్టె ఊరికే ఉండదు. దాన్ని తయారుచేసినవాళ్లు ఎక్కడో కూర్చుని దాన్ని బాగుచేస్తూనే ఉంటారు. బాగుచేయమని ఎవరడిగారో తెలియదు. పొద్దున్నే వచ్చి మీట నొక్కితే, పని చేయాల్సిన పెట్టె తన పని తాను చూసుకుంటూ ఉంటుంది. "మీ కంప్యూటర్‌ను మరింత మెరుగుపరుస్తున్నాం, ఆపకండి అని వచ్చిందన్నా," అని మహేశ్వరి చదివి చెప్పేది. కళ్లున్నవాళ్లకు అది కాసేపు విసుగు. బయటకు పోయి టీ తాగి వస్తే సరిపోతుంది. అన్సర్‌కు అట్లా కాదు. ఆ మెరుగు పడేటప్పుడు చెవిలో గొంతు ఉండదు. పెట్టె బతికుందో, చచ్చిందో, ఏమైనా అడుగుతోందో తెలియదు. ఫ్యాను చప్పుడు వింటూ కూర్చోవాలి.

మెరుగు పడ్డాక ఇంకా కష్టం. ఒకసారి గొంతు పోయి, దాని బదులు ఎవరో దొర తెలుగు చదవడం మొదలుపెట్టాడు. ఒకసారి గొంతు వచ్చింది గానీ సాగదీసి సాగదీసి, జ్వరం పట్టినదానిలా మాట్లాడింది. ఇంకోసారి సహాయం చేస్తానంటూ కొత్త కిటికీ ఏదో తెరుచుకుని, అన్సర్ కొట్టిన పిటిషన్ సగం మింగేసింది. ఇంట్లో మనిషి నిద్రలేచేసరికి ఎవరో మంచం ఒకచోట, కడవ ఒకచోట జరిపి, "ఇప్పుడు ఇల్లు బాగుంది చూడు" అని పోయినట్టు ఉండేది. చూడగలిగినవాడికి కదా ఆ బాగు.

ప్రతిసారీ అన్సర్ అడగాలి. "మహేశ్వరీ, తెర మీద ఏముందో చూస్తావా మా?" మొదట్లో ఆ అమ్మాయి లేచి వచ్చేది. తర్వాత్తర్వాత "ఉండన్నా, వస్తాండా," అనేది. ఆమెది తప్పని ఎవరంటారు? ఆమె ముందు జనం బారు ఉంటుంది. కానీ ఆ "ఉండన్నా"లో రోజురోజుకూ పెరిగే విసుగును అన్సర్ చెవులు పట్టుకునేవి. తన పని తాను చేసుకుని బతికిన మనిషిని, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు నెలకోసారి అడుక్కునేవాణ్ని చేస్తున్నారు. అదీ అతని కడుపుమంట. వాళ్లను తిట్టుకుందామన్నా పేరు తెలియదు, ఊరు తెలియదు.

హబీబుల్లా కూడా గమనించాడు. మంచివాడు, నమాజు తప్పనివాడు, గట్టిగా మాట్లాడడు. "అన్సర్, నీ మిషను శానాసార్లు ఆగిపోతాంది. జనం తిరిగిపోతాండారు. ఇంకోసారి ఇట్లయితే టైపింగు గూడా మహేశ్వరికే చెప్తా," అన్నాడు. అన్సర్ తల ఊపాడు. అప్పుడే రంజాను నెల మొదలైంది.

ఆ వారంలోనే తొండూరు సుబ్బన్న వచ్చాడు. గొర్రెల మంద ఉన్న మనిషి. ఎండాకాలం ముందు జీవాలను తోలుకుని జమ్మలమడుగు వైపు పొలాల్లో మంద కట్టేందుకు పోతుంటే, రోడ్డు మీద లారీ మంద మీదికి ఎక్కింది. ఆ కేసు ప్రొద్దుటూరు కోర్టులో నడుస్తోంది. జరిగిందంతా తెలుగులో రాయించి, వేలిముద్ర వేయించి, కేసు పిలిచేలోపు తెమ్మని వకీలు ఇక్బాల్ పంపించాడు.

ఆ పూట మహేశ్వరి చలానా కట్టడానికి బ్యాంకుకు పోయింది. హబీబుల్లా మసీదుకు పోయాడు. అంగట్లో అన్సర్, దిల్షాద్‌బీ మాత్రమే ఉన్నారు. మిషను పొద్దున్నుంచీ మెరుగు పడుతూనే ఉంది.

"ఖాలా, తెర మీద ఏముంది?"

"గుండ్రంగా తిరుగుతాంది బేటా."

సుబ్బన్న కాళ్లు నిలవలేదు. "వకీలు తిడతాడప్పా. ఒక్క తూరి ఎట్లన్నా చెయ్యి," అన్నాడు. కాసేపటికి ఫ్యాను చప్పుడు మారింది. అన్సర్ సంకేతపదం కొట్టాడు. గొంతు రాలేదు. గొంతును లేపే మీటలు నొక్కాడు. అయినా రాలేదు. ఇయర్‌ఫోన్లు తీసి, ఊది, మళ్లీ పెట్టుకున్నాడు. చెవిలో ఏమీ లేదు.

పక్క అంగట్లో చదువొచ్చిన మనిషి ఉన్నాడు. పిలిస్తే వచ్చేవాడే. కానీ మొన్ననే పిలిచాడు, అంతకుముందు వారమూ పిలిచాడు. "మళ్లీ ఏమైంది అన్సర్ భాయ్?" అనే ఆ నవ్వు గొంతు గుర్తొచ్చింది. ఉపవాసపు నోరు ఎండిపోయి ఉంది. ఆ ఒక్కసారి అడగడానికి అతనికి మనసొప్పలేదు. వేళ్లు తెలుసు కదా, గొంతు లేకపోతే ఏమయింది అనుకున్నాడు. అలవాటుగా నొక్కాల్సినవన్నీ వరసగా నొక్కి, కాగితం తెరిచాడు.

"ఖాలా, ఇప్పుడేముంది?"

"తెల్లంగ ఉంది. కాయితం మాదిరి."

"నేను కొడితే అచ్చరాలు పడతాండాయా?"

"పడతాండాయి బేటా. బారులు బారులుగా పడతాండాయి."

ఆమె చెప్పింది నిజమే. అన్సర్ గుండె కుదుటపడింది. "చెప్పు మామా," అన్నాడు సుబ్బన్నతో.

సుబ్బన్న చెప్పుకుపోయాడు. తెల్లారకముందే మంద తోలినాననీ, లారీవాడు లైటు వేయలేదనీ, కడుపుతో ఉన్న గొర్రెలు ముందు నడుస్తున్నాయనీ, కుక్క అరుపు విని వెనక్కి తిరిగేసరికి అయిపోయిందనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. అన్సర్ కొడుతూ పోయాడు. చెవిలో బీబీ లేకపోయేసరికి సుబ్బన్న గొంతు నేరుగా వేళ్లలోకి దిగింది. ఇంత బాగా ఎప్పుడూ కొట్టలేదని అతనికే అనిపించింది.

దిల్షాద్‌బీ కాగితాలు అచ్చు తీసింది. ఆమె ఖురాను చదువుతుంది గానీ తెలుగు అక్షరం రాదు. పడినవి తెలుగు అక్షరాలు కావని మాత్రం ఆమెకు తెలిసింది. కోర్టు కాగితం, ఇంగ్లీషులో ఉండి ఉంటుంది, అన్సర్‌కు ఇంగ్లీషు వస్తుంది కదా అనుకుంది. సుబ్బన్నకు ఏ అక్షరమూ రాదు. సిరాలో వేలు ముంచి, చూపించిన చోటల్లా ముద్ర వేసి, "శానా పెద్ద మేలు చేసినావప్పా," అని కోర్టుకు పరుగెత్తాడు.

ఆ కాగితాల మీద ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు. పొద్దుటి అప్‌డేట్ తెలుగు మీటల అమరికను తీసి పక్కన పెట్టి, తన ఇంగ్లీషు అమరికను తెచ్చి పెట్టుకుంది. అన్సర్ వేళ్లు తెలుగు కొట్టాయి. కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలు ఏ మాటా కాకుండా ఒకదాని వెనక ఒకటి పడి చచ్చాయి. కడుపుతో ఉన్న గొర్రెలూ, కుక్క అరుపూ, సుబ్బన్న ఏడుపూ అందులో ఎక్కడా లేవు.

ఇక్బాల్ హడావుడిలో మడత విప్పకుండానే అందించాడు. లోపల గుమాస్తా చదవబోయి నవ్వాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. కేసు వాయిదా పడింది. మందను ఎవరికో అప్పగించి వచ్చిన సుబ్బన్న మళ్లీ రావాలి, మళ్లీ ఏడవాలి.

ఇక్బాల్ నల్లకోటుతోనే అంగట్లోకి వచ్చి కాగితాలు బల్ల మీద కొట్టాడు. అప్పటికి హబీబుల్లా, మహేశ్వరి తిరిగొచ్చి ఉన్నారు. "గుడ్డోడు కొట్టె, చదువురాని ఆమె అచ్చు తీసె, చదువురాని ఆయప్ప వేలిముద్ర ఏసె. మధ్యలో నేను పోయి నిలబడితి అందరి ముందర! హబీబుల్లా, ఇది అంగడా, తమాషానా?"

మహేశ్వరి కాగితం చూసి వెంటనే పట్టేసింది. "అన్న తప్పు లేదు సార్. అప్‌డేట్ వచ్చి కీబోర్డు మారిపోయింది. నాకు గూడా మారింది పొద్దున. నాకు కనపడింది కాబట్టి మార్చుకున్నా," అంది. ఆ పిల్ల చెప్పిన మాటను ఎవరూ చెవిన పెట్టలేదు. ఎక్కడో ఉన్న కంపెనీని తిట్టడం కంటే ఎదురుగా ఉన్న గుడ్డివాణ్ని తిట్టడం తేలిక కదా.

హబీబుల్లా మాత్రం తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వకీలు పోయాక అన్సర్ భుజం మీద చెయ్యి వేసి, "ఏం గాదు, పో. రేపు ఎప్పటి మాదిరే రా. మిషను మాత్రం ముట్టద్దు. నీ జీతం యాడికీ పోదు," అన్నాడు.

అన్సర్ అది కోపం చల్లారేదాకా అనుకున్నాడు. మరుసటి రోజు నుంచి జిరాక్స్ మిషను పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. తన కుర్చీ ఖాళీగానే ఉంది. ఊరికే కూర్చోలేక ఒక రోజు దిల్షాద్‌బీ తీసిన కాగితాలు తడిమి, అంచులు సరిచేసి, పిన్నులు కొట్టబోయాడు. ఆమె పిన్నుల మిషను మెల్లగా లాక్కుంది.

"వద్దు బేటా. నీతో ఏ పనీ చేపియ్యద్దన్నాడు సాబ్."

"ఇది గూడానా ఖాలా? దీంట్లో కీబోర్డు యాడుంది?"

దిల్షాద్‌బీ పిన్నులు తనే కొట్టుకుంది. వాయిదా పడిన రోజు, తన వేలిముద్ర చెల్లిందో లేదో తెలియక ముఖం తుడుచుకుంటూ కోర్టు నుంచి తిరిగిపోయిన సుబ్బన్న ఆమెకు కూడా గుర్తున్నాడు. అప్పటి నుంచి ఆమె అన్సర్‌ను ఆటపట్టించడం మానేసింది.

పండగ దగ్గర పడింది. హబీబుల్లా నెల జీతం కవరులో పెట్టి అన్సర్ జేబులో ఉంచాడు. అన్సర్ దానిని పైనుంచే తడుముకున్నాడు. పని లేకుండా జీతం తీసుకోవడం ముల్లు మాదిరి గుచ్చుకుంది గానీ, పండగ తర్వాత రెట్టింపు కొట్టి తీర్చేయొచ్చులే అని మనసుకు చెప్పుకున్నాడు.

మరుసటి రోజు అంగడి నిండా జనం. పులివెందుల నుంచి వచ్చిన ఒక కుటుంబం అర్జీ కొట్టించుకోవడానికి నిలబడి ఉంది. మహేశ్వరికి ఊపిరి సలపడం లేదు. "అన్నా, నీ మిషను నేను సరిచేసి పెట్టినా. గొంతు వస్తాంది. ఈ అర్జీ కొడతావా? కొట్టినాక నేను ఒకసారి చదివి చూస్తా," అంది.

అన్సర్ లేచిన ఊపుకు కర్ర కింద పడింది. కుర్చీలో కూర్చున్నాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. గొంతు వచ్చింది. పాత గొంతే, పాత వేగమే. అతని మొహంలో వచ్చిన వెలుతురును అక్కడున్న అందరూ చూశారు. పులివెందులాయన చెప్పడం మొదలుపెట్టాడు, అన్సర్ కొట్టాడు, బీబీ అక్షరం అక్షరం చదివింది. రెండో వాక్యం సగంలో ఉండగా హబీబుల్లా లోపలికి వచ్చాడు.

"అన్సర్! లెయ్, లెయ్. ముట్టద్దంటి గదా!"

"సాబ్, గొంతు వచ్చింది. మహేశ్వరి చదివి చూస్తానంటాది. తప్పు పోదు."

"తప్పు గురించి గాదు." హబీబుల్లా వంగి, చెవి దగ్గరికి వచ్చి, మెల్లగానే చెప్పాడు. కానీ ఆ చిన్న అంగట్లో మెల్లగా అనేది లేదు. "నీ కవరు ఈసారి జకాత్ కింద తీసినా. మసీదు హజ్రత్‌ను అడిగినా. పని చేపించుకుని ఇస్తే అది కూలి అవుతాదంట, జకాత్ చెల్లదంట. నువ్వు ఈ మీటలు కొడితే నా జకాత్ పోతాది. అర్థం చేసుకో. ఊరికే వచ్చి కూర్చో. నెలనెలా ఇట్లే ఇస్తా."

ఉన్నవాళ్లు లేనివాళ్లకు ఇచ్చే సొమ్ము అది. అన్సర్ వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. చెవిలో గొంతు ఆఖరి అక్షరాన్ని పలికి ఊరుకుంది.

"నన్ను అడిగింటే బాగుండు సాబ్," అన్నాడు.

"అడిగితే నువ్వు తీసుకోవు. నీ సంగతి నాకు తెల్దా? నీ మంచికే గదా చేస్తాండేది."

ఆ మాటలో అబద్ధం లేదు, మోసం లేదు. అడగకుండా మనిషికి మంచి చేసేవాళ్లు ఇన్నాళ్లూ పెట్టెలోనే ఉన్నారు. ఇప్పుడు అంగట్లోకి కూడా వచ్చారు. అన్సర్ ఇయర్‌ఫోన్లు తీసి, చుట్ట చుట్టి, ఎప్పుడూ పెట్టే చోట పెట్టాడు. దిల్షాద్‌బీ కర్ర తీసి చేతికిచ్చింది. పులివెందుల కుటుంబంలో ఎవరో ముసలామె "అయ్యో పాపం" అంది.

జమ్మలమడుగులో అఖ్తర్ బీ బొంత కుడుతూ ఉంది. "జీతం వచ్చిందా బేటా?" అని అడిగింది.

"వచ్చింది అమ్మీ," అని కవరు ఇచ్చాడు. తిరిగిచ్చేసి రావచ్చు. బస్సులో అదే ఆలోచించాడు. కానీ ఆమె ఆయాసం మందులు ఆ కవరులోంచే రావాలి, పండగ సేమియా కూడా. ఆ బెంచీ మీద మళ్లీ కూర్చోకూడదని మాత్రం బస్సు దిగేలోపు నిర్ణయించుకున్నాడు. ఆ మాట తల్లికి ఎట్లా చెప్పాలో తెలియలేదు.

అఖ్తర్ బీ కవరును కళ్లకద్దుకుని, అందులోంచి అతని ఫిత్రా తీసింది. తన కొంగుముడి విప్పి తనది తీసింది. రెండూ విడివిడిగా అతని రెండు జేబుల్లో పెట్టింది. ఏటా చేసే పనే అది. "గట్టిగా చెప్పు, రెండు తలలని," అని నవ్వింది.

మసీదు దగ్గర ఇచ్చేవాళ్ల వరస పొడుగ్గానే ఉంది. బల్ల దగ్గర ఖలందర్ కూర్చుని రాసుకుంటున్నాడు. అన్సర్ కర్ర చప్పుడుకే గుర్తుపట్టాడు.

"రా అన్సర్ భాయ్. నీ లెక్క నాకు తెల్సులే. రెండు తలలు."

"ఒకటే," అన్నాడు అన్సర్. తల్లిచ్చిన దుడ్లు ఉన్న జేబులో చెయ్యి పెట్టి తీసి, బల్ల మీద ఉంచాడు. "ఇది అమ్మీది. బొంతలు కుట్టినవి."

"మరి నీది?"

రెండో జేబులోని దుడ్లను అన్సర్ బయటికి తీయలేదు.

"నాది రాసుకోవద్దు ఖలందర్. ఈ ఏడు నేను తీసుకున్నోణ్ని."

రెండు అని రాసుకున్నదాన్ని కొట్టేస్తున్న ఖలందర్ కలం చప్పుడు అతనికి వినపడింది. వెనక ఎవరో కొత్త మనిషి అన్సర్ భుజం పట్టుకుని, శానా మర్యాదగానే, "నీ వరస ఇది గాదప్పా, ఆ పక్క," అన్నాడు. అన్సర్ ఆ పక్కకు పోలేదు. వరసలోంచి బయటికి వచ్చి, గోడ తడుముకుంటూ ఇంటి దారి పట్టాడు.